రామగిరి దారిలో తొందరేల?

సెలవు దొరికిన ఒక్కరోజునూ కొండలు చూస్తూ గడిపే బదులు గుడికి వెళ్లి అర్చన చేయించుకుంటే పుణ్యమైనా దక్కుతుందని కొందరు పెద్దలు పిల్లలను మందలిస్తుంటారు. అర్చకుడిని కనుక నేనూ ఆ మాటనే సమర్థిస్తానని వారు తలుస్తారు. అయితే శ్రీమద్రామాయణం మరొక దారి చూపుతున్నది.

అయోధ్యాకాండలోని 94, 95 సర్గలు చూడండి. శ్రీరాముడు సీతమ్మకు చిత్రకూటాన్ని చూపుతాడు. రంగురంగుల శిలలు, పూచిన చెట్లు, పక్షులు, సెలయేళ్లు, రాత్రివేళ అగ్నిశిఖల వలె వెలిగే ఓషధులు - ఒక్కొక్కటే చూపి మురిసిపోతాడు. ఈ గిరిని చూస్తుంటే రాజ్యం పోయినందుకు గానీ, ఆప్తులు దూరమైనందుకు గానీ తనకు దుఃఖం కలగడం లేదంటాడు. ఆపై మందాకినిని చూపుతాడు. తీరికగా చేసిన ఆ విహారానికి ఆదికవి రెండు సర్గలు కేటాయించాడంటే అది వ్యర్థకాలక్షేపం ఎలా అవుతుంది?

గోదావరిఖని, రామగుండం ప్రాంతాల కుటుంబాలకు ఈ మాట మరింత అవసరం. గనిలో మూడు షిఫ్టుల కొలువు. భర్త నిద్రలేచే వేళకు భార్య వంటింట్లో ఉంటుంది. పిల్లలు బడి నుండి వచ్చే వేళకు తండ్రి పనికి బయలుదేరుతాడు. ఒకే ఇంట ఉంటూ ఒకరికొకరు అతిథులైన దంపతులు ఎందరో! సింగరేణి కార్మికులు 'ప్లేడే' అని పిలుచుకునే ఆ ఒక్క సెలవునాడైనా ఇద్దరూ పక్కపక్కన కూర్చొని మంథని దారి పట్టడం గృహస్థధర్మంలో భాగమే.

ఆ దారిలో ఓపెన్‌కాస్ట్ గనుల నుండి తవ్వి పోసిన మట్టి గుట్టలు కనిపిస్తాయి. మనిషి కష్టానికి అవి గుర్తులు. వాటిని దాటితే కోట గోడలను మోస్తూ రామగిరి ఖిల్లా దర్శనమిస్తుంది. సీతారాములు వనవాసకాలంలో ఇక్కడ విడిది చేశారని స్థానికుల విశ్వాసం. వానాకాలంలో, ముఖ్యంగా శ్రావణమాసంలో, కొండ పచ్చని చీర కట్టుకుంటుంది. కారు బేగంపేట వైపు కొండపాదం వరకే. ఆపైన కాలినడకే శరణ్యం. వెంట వచ్చినవారు ఎక్కలేకపోతే వారిని కింద వదలి శిఖరానికి పరుగెత్తకండి. వారితో చెట్టునీడన కూర్చోవడమే ఆనాటి యాత్రాఫలం.

కాళిదాసు మేఘసందేశంలోనూ ఒక రామగిరి ఉంది. అది నాగపూరు సమీపంలోని రామటేక్ అని పండితులలో అధికుల అభిప్రాయం. ఆ గిరిపై యక్షుడికి ప్రకృతి శోభకు కొదవ లేదు. పక్కన భార్య లేకపోవడమే అతని శాపం. మన రామగిరికి తోడుతో వెళ్లగలిగినవారు తమ భాగ్యాన్ని గుర్తించాలి. పక్క సీటులో మనిషిని ఉంచుకొని దారి పొడవునా సెల్‌ఫోనులో మునిగితే, శాపం లేకుండానే యక్షుడి గతిని కొనితెచ్చుకున్నట్లే.

ఇంకొక విన్నపం. రామగిరి వనమూలికలకు పేరుపొందిన కొండ. వృక్షశాస్త్ర విద్యార్థులు వాటిని చూడటానికే వస్తుంటారు. మందు మొక్క అని ఎవరో చెప్పగానే వేళ్లతో పెకలించి సంచిలో వేసుకోవడం భక్తి కాదు. రాముడు సీతకు ఓషధులను చూపాడే గాని మూటగట్టలేదు. నీళ్ల సీసాలు, ప్లాస్టిక్ కవర్లు ఎన్ని తీసుకువెళ్లామో అన్నీ తిరిగి కారులోకి చేరాలి.

పొద్దు వాలే వేళకు మంథని చేరితే గౌతమేశ్వరాలయం చెంత గోదావరి ఉంటుంది. అర్చన చేయించుకోవాలనుకునే పెద్దలకు అక్కడ ఆ ముచ్చటా తీరుతుంది. అయితే స్వామి సన్నిధికి చేరే ముందే, ఉదయం నుండి తోడివారితో నెమ్మదిగా గడిపిన ప్రతి గడియా ఆయనకు చెందినదేనని నా నమ్మకం. కనుక రాబోయే సెలవునాడు పిల్లలు రామగిరికి బయలుదేరితే పెద్దలు వారించవద్దు. వీలైతే వారూ కారెక్కాలి.