గొట్టానికి 55, మనిషికి 68

మొన్న సంక్రాంతి సెలవుల్లో నా పాత విద్యార్థి ఒకడు జనగామ వచ్చాడు. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో పాఠం విన్నవాడు. షికాగోలో కొంతకాలం పనిచేసి అక్కడ ఒక ఇల్లు కొన్నాడు. తరువాత ఉద్యోగరీత్యా టెక్సస్ రాష్ట్రానికి మారి, షికాగో ఇంటిని అద్దెకిచ్చాడు. చాయ్ తాగుతుండగా మాట బీమా మీదికి మళ్లింది.

"సార్, మీరు క్లాసుల ఇన్సూరెన్సు కంపెనీలను ఉత్తగనే తిట్టేటోళ్లు. మా పాలసీల ఏం రాసిన్రో చూడున్రి. చలికాలం ఇంట్ల వేడి ఉంచకపోతే నాకు పైస రాదు. అంటె ఏంది? కిరాయికున్నోళ్లు వెచ్చగుండాలెనని కంపెనీయే నా మెడ మీద కత్తి పెట్టింది. మీ సంఘాలు చెయ్యని పని బీమా చేస్తున్నది" అన్నాడు.

నేను అప్పటికప్పుడు జవాబు చెప్పలేదు. చెప్పలేకపోయాను అనడమే నిజం. చలిదేశంలో అద్దె ఇంటి బీమా ఎట్లా ఉంటుందో నాకు తెలియదు. తెలియనిదాన్ని నినాదంతో కప్పిపుచ్చడం అధ్యాపకునికి తగదు. అతని చేత పాలసీ ప్రతిని తెప్పించుకొని చదివాను. వ్యాకరణం చెప్పుకొని బతికేవాడికి ఇటువంటి చదువులో ఒక సౌకర్యం ఉంది: 'లేక' అన్న చిన్న మాట ఎక్కడ పడిందో కనిపెట్టగలడు. ఈ వ్యాసమంతా ఆ 'లేక'ను గురించే.

షికాగో చలి మన ఊహకందేది కాదు. 2019 జనవరి 30న అక్కడ ఉష్ణోగ్రత సున్నాకు 30 సెంటీగ్రేడు డిగ్రీల కిందికి దిగింది. నీరు గడ్డకట్టేటప్పుడు సుమారు 9 శాతం ఉబ్బుతుంది. గోడలో దాగిన నీటిగొట్టంలో ఆ ఉబ్బుకు చోటు లేదు, గొట్టం పగులుతుంది. గడ్డ కరగగానే ఇల్లంతా నీళ్లు. నేల, గోడ, పైకప్పు అన్నీ పాడవుతాయి. ఇంటి యజమానికి చలికాలపు భయం దొంగలు కాదు, ఈ గొట్టమే. అందుకే అద్దెకిచ్చిన ఇంటికి అక్కడ వేరే రకం పాలసీ తీసుకుంటారు.

ఆ పాలసీ చెప్పేది ఇది: గొట్టం గడ్డకట్టి పగిలితే నష్టం ఇస్తాం, అయితే యజమాని ఇంట్లో వేడి నిలపడానికి తగిన శ్రద్ధ చూపి ఉండాలి, లేక నీటి సరఫరాను కట్టివేసి గొట్టాలను ఖాళీ చేసి ఉండాలి.

ఇదిగో, ఆ 'లేక'! వేడి ఉన్న ఇల్లు, లేక నీళ్లు లేని ఇల్లు. కంపెనీ దృష్టిలో రెండూ సమానమే. మొదటి ఇంట్లో మనుషులుండవచ్చు. రెండవ ఇంట్లో మనిషి ఒక్క పూట కూడా ఉండలేడు. అయినా పాలసీకి రెండింటికీ భేదం లేదు. ఎందుకంటే అది అడిగింది మనిషి వెచ్చగా ఉన్నాడా అని కాదు, గొట్టం క్షేమంగా ఉందా అని. మనిషికి తగిలే వెచ్చదనం గొట్టం తాగి మిగిల్చిన ఎంగిలి.

ఇది మాటల గారడీ అనుకునేవారి కోసం అంకెలు చెబుతాను. చలికాలంలో ఇంటి వేడిని 55 ఫారన్‌హీట్ డిగ్రీలకు తగ్గనీయవద్దని బీమా కంపెనీలు యజమానులకు సలహా ఇస్తాయి. అనగా సుమారు 13 సెంటీగ్రేడు డిగ్రీలు. గొట్టానికి అది చాలు. మరి పసిబిడ్డకు? ఉబ్బసం ఉన్న ముసలమ్మకు? వారి లెక్క షికాగో నగర శాసనంలో ఉంది. సెప్టెంబరు 15 నుంచి జూన్ 1 దాకా అద్దె ఇంట్లో పగలు 68 ఫారన్‌హీట్ డిగ్రీలు, రాత్రి 66 డిగ్రీలు ఉండాలని ఆ శాసనం నిర్దేశిస్తుంది. 68 అంటే 20 సెంటీగ్రేడు డిగ్రీలు.

గొట్టానికి 55, మనిషికి 68. ఈ రెంటి నడుమ ఉన్న 13 డిగ్రీలను ఏ బీమా కంపెనీ ఇవ్వలేదు. అవి చట్టం వల్ల వచ్చాయి. చట్టం ఆకాశం నుంచి ఊడిపడదు. మరొక చలి నగరం గ్లాస్గోలో 1915లో, మగవాళ్లు యుద్ధానికి పోయిన వేళ యజమానులు అద్దెలు పెంచితే, మేరీ బార్బర్ వంటి కార్మిక స్త్రీలు వీధివీధినా అద్దె నిరాకరణ సమ్మె కట్టారు. ఆ ఏటి చివరకు దాదాపు 20 వేల కుటుంబాలు సమ్మెలో ఉన్నాయి. బ్రిటిష్ పార్లమెంటు ఆ సంవత్సరమే అద్దెల నియంత్రణ చట్టం చేయక తప్పలేదు. అద్దెదారుకు మేలు ఎట్లా వస్తుందో తెలియాలంటే ఆ వీధుల చరిత్ర చదవాలి గాని, పాలసీ పత్రం కాదు.

ఇక నష్టం జరిగిన తరువాతి సంగతి. ఇల్లు ఉండటానికి వీల్లేకుండా పోతే, యజమాని పోగొట్టుకున్న అద్దెను పాలసీ చెల్లిస్తుంది. సామాను నెత్తిన పెట్టుకొని బయటపడ్డ అద్దెదారుకు? ఏమీ లేదు. అతని బట్టలు, పుస్తకాలు, పరుపులు యజమాని పాలసీలో లేవు. కావాలంటే అతడు తన పేర వేరే పాలసీ కొనుక్కోవాలి. అద్దె రాకపోవడం నష్టం. ఇల్లు లేకపోవడం అతని సొంత విషయం!

ఇది ఏదో ఒక కంపెనీ దుర్బుద్ధి కాదు. పుట్టుకలోనే ఉన్న గుణం. 1666లో లండన్ తగలబడింది. తరువాత 1680 ప్రాంతాల నికొలస్ బార్బన్ అనేవాడు ఇళ్లకు అగ్ని బీమా సంస్థ పెట్టాడు. అతడు స్వయంగా ఇళ్లు కట్టి వ్యాపారం చేసినవాడు. ఇటుక ఇంటికి ఏడాది అద్దెలో రెండున్నర శాతం, కట్టె ఇంటికి అయిదు శాతం రుసుము. గమనించండి: ఇంటిని కొలిచిన గజంకర్ర అద్దె! 'కాపిటల్' మొదటి అధ్యాయం తెరిస్తే, సరుకును గురించి చెబుతూ మార్క్సు తొలి అధోజ్ఞాపికల్లోనే ఉదాహరించినవాడు ఈ బార్బనే. నివాసాన్ని సరుకుగా చూడటమెట్లాగో ఆయనకు తెలిసినంత బాగా ఎవరికి తెలుసు?

'చలిదేశం ముచ్చట మనకెందుకు?' అని మిత్రులు అడగవచ్చు. మన దగ్గర గోడలో గొట్టం పగలదు, వాగు పగులుతుంది. 2023 జూలై 27న మోరంచవాగు పొంగి భూపాలపల్లి దగ్గరి మోరంచపల్లి ఊరంతా మునిగింది. జనం మిద్దెలెక్కి ప్రాణాలు దక్కించుకున్నారు. అందరి ప్రాణాలూ దక్కలేదు. 2024 ఆగస్టు 31, సెప్టెంబరు 1 తేదీల వానకు ఆకేరు పొంగింది. కేసముద్రం, ఇంటికన్నెల మధ్య రైలు పట్టాల కింద కంకర కొట్టుకుపోయి పట్టాలు గాలిలో వేలాడాయి.

ఆ వానకు మానుకోటలో నీళ్లు చొచ్చిన ఒక అద్దె గదికి నేను పోయాను. కుట్టుమిషను మీద బతికే తల్లి, డిగ్రీ చదివే కూతురు. గోడకు నడుమెత్తున తడి గీత. యజమాని వచ్చి గోడను తట్టి చూసి, "గోడలకేం గాలే, దేవుని దయ" అన్నాడు. ఆయన చెడ్డవాడు కాదు. ఆ నెల కిరాయి సగమే తీసుకున్నాడు. కాని ఆయన కళ్లు మొదట గోడనే చూశాయి. మిషను మోటారులో బురద చేరింది. మంచం మీద ఆరబెట్టిన సర్టిఫికెట్ల మీద సిరా పారి ఆ పిల్ల పేరు చెదిరిపోయింది. ఆ నష్టాన్ని ఏ జాబితాలో రాయాలి?

జాబితాలూ గోడ వైపే చూస్తాయి. 2022–26 కాలానికి కేంద్రం నిర్ణయించిన విపత్తు సాయపు ప్రమాణాల్లో మైదాన ప్రాంతంలో పూర్తిగా కూలిన పక్కా ఇంటికి 1,20,000 రూపాయలు. కుటుంబం బట్టలకు 2,500. వంటపాత్రలు, ఇంటి సామానుకు మరో 2,500. గోడకు లక్షా ఇరవై వేలు, గోడల నడుమ బతికిన బతుకుకు అయిదు వేలు! 2024లో రాష్ట్ర ప్రభుత్వం వరద బాధిత కుటుంబాలకు 16,500 రూపాయలు ప్రకటించింది. అది కొంత నయమే. కాని సాయం వేరు, హక్కు వేరు. సాయం మంత్రి నోట వస్తుంది. హక్కు పత్రం మీద ఉంటుంది.

మన దేశపు గృహబీమా పత్రం సంగతి కూడా చూడండి. 2021 ఏప్రిల్ 1 నుంచి 'భారత్ గృహ రక్ష' పేరుతో అన్ని సాధారణ బీమా కంపెనీలూ ఒకే నమూనా పాలసీ ఇవ్వాలన్న నియమం వచ్చింది. వరద, అగ్ని, తుఫాను అన్నీ అందులో ఉన్నాయి. ఇల్లు పాడైతే యజమాని కోల్పోయే అద్దె కూడా ఉంది. అద్దెదారు తన సామాను కోసం వేరుగా పాలసీ కొనుక్కోవచ్చు; వద్దన్నవారు లేరు. కుట్టుమిషను మీద బతికే తల్లి ప్రీమియం కట్టడానికి కూడా వద్దన్నవారు లేరు!

ఇప్పుడు మన వైపు తప్పు మాట్లాడుకుందాం. మనలో చాలామందికి ఇన్సూరెన్సు అనగానే 'బూర్జువా మోసం' అని కొట్టిపారేయడం అలవాటు. అది విశ్లేషణ కాదు, బద్ధకం. ఒకడి ఇల్లు కాలితే ఊరంతా వాసాలూ తాటాకులూ తెచ్చి కప్పడం మన పల్లెలకు తెలుసు. పదిమంది ఒకడి నష్టాన్ని మోయడమనే భావన మనది. దాన్ని లాభానికి తాకట్టు పెట్టడం వారిది. తాకట్టును విడిపించాలి గాని వస్తువును పారవేయకూడదు.

అట్లాగే నా విద్యార్థిని 'కొత్త దొర' అని తిట్టడం సులభం. కడవెండిలో 1946 జూలై 4న దొడ్డి కొమరయ్య నెత్తురు చిందిన గడ్డ మీద ఆ తిట్టుకు వెంటనే చప్పట్లు పడతాయి. కాని అది అన్యాయం. అతడు జీతగాడు, ఇంటి మీద అప్పు ఉంది, ఉద్యోగం పోతే ఇల్లూ పోతుంది. అద్దెదారుకూ యజమానికీ ఉన్న సంబంధం, కార్మికునికీ పెట్టుబడిదారుకూ ఉన్న సంబంధమే అన్న వాదాన్ని ఎంగెల్సు 1872లోనే ఖండించాడు. మన విమర్శ వ్యక్తి మీద కాదు, ఆ 'లేక' మీద.

1973 జనవరి 1 నుంచి సాధారణ బీమా జాతీయమైంది. 107 కంపెనీలు నాలుగు ప్రభుత్వ సంస్థలుగా కలిశాయి. మన పెద్దలు హర్షించారు. 1999 చట్టం మళ్లీ ప్రైవేటుకు తలుపు తెరిచింది. విదేశీ పెట్టుబడి వాటా 2015లో 49 శాతానికీ, 2021లో 74 శాతానికీ పెరిగింది. మనం ఖండించాం, సబబే. కాని కంపెనీ ఎవరిదన్న ప్రశ్నతో ఆగిపోయాం. పాలసీ ఎవరిని చూస్తుందన్న ప్రశ్న వేయలేదు. సంస్థ ప్రభుత్వానిదైనా కళ్లు గోడ మీదనే ఉంటే కుట్టుమిషనుకు ఒరిగేదేమిటి?

కాబట్టి అడగవలసింది స్పష్టంగా అడుగుదాం. అద్దెకిచ్చిన ప్రతి ఇంటి పాలసీలోనూ అందులో నివసించే కుటుంబం సామానూ, ఇల్లు పోతే మరొక చోట తలదాచుకునే ఖర్చూ చేరాలి. ఆ ప్రీమియం అద్దె పొందేవాడే కట్టాలి, దాని పేర అద్దె పెంచకూడదు. పూరి గుడిసెల్లో, రేకుల గదుల్లో ఉండేవారికి ప్రభుత్వరంగ సంస్థలు సామూహిక పాలసీ ఇవ్వాలి, ఖర్చు ప్రభుత్వం భరించాలి. వరద జాబితా ఇంటి నంబరును బట్టి గాక, ఆ ఇంట్లో పొయ్యి ఎవరిదో చూసి రాయాలి. జిల్లా కేంద్రాలైన తరువాత మన మూడు పట్టణాల్లోనూ అద్దె గదులు పెరిగాయి. వాటిలో ఉన్నది మన విద్యార్థులే, మనమే. మన సంఘాలు ఈ పని మొదలుపెట్టకపోతే ఇంకెవరు మొదలుపెడతారు?

నా విద్యార్థికి ఉత్తరం రాశాను. "తమ్మీ, నీ మాటలో సగం నిజం. బీమా నీ మెడ మీద కత్తి పెట్టింది, కాని గొట్టం కోసం పెట్టింది. నీ ఇంట్ల కిరాయికున్నోళ్లను ఒక్క మాట అడుగు, వాళ్ల సామానుకు బీమా ఉన్నదా అని. లేకపోతే ఆ పైకం నువ్వు కట్టు. అప్పుడు మనిద్దరం కలిసి కంపెనీని తిడదాం."

జవాబు ఇంకా రాలేదు. వస్తుందనే నా నమ్మకం.