నిద్రపోయే ఇడ్లీలు

పిల్లలూ! ఖాళీ కడుపుతో బడికి వచ్చినవాడికి మొదటి పీరియడులో లెక్క ఎక్కదు. ఇది నేను ముప్పై ఏళ్లు చూసిన సంగతి.

మన గోదావరి పల్లెల్లో పూర్వం దీనికి ఉపాయం తరవాణి కుండ. రాత్రి అన్నం గంజినీళ్లలో నానవేస్తే పొద్దుటికి పులిసేది. ఆ పులుపు లాక్టిక్ ఆమ్లం. దానిని తయారుచేసేవి కంటికి కనబడని సూక్ష్మజీవులు.

ఇప్పుడు అమ్మా నాన్నా ఇద్దరూ పనికి వెళ్లే ఇళ్లలో ఫ్రీజరు ఉంటున్నది. కుండ సూక్ష్మజీవులచేత పని చేయించుకునేది; ఫ్రీజరు వాటిని నిద్రపుచ్చుతుంది. సున్నకు దిగువ 18 డిగ్రీల చలిలో అవి పెరగలేవు. అన్నీ చావవు సుమా! వెచ్చదనం తగిలితే మళ్లీ లేస్తాయి.

ఆదివారం ఇడ్లీలో, అంబాజీపేట వారిలా పనసాకు బుట్టల్లో పొట్టిక్కలో వండుకున్నారనుకోండి. చల్లారగానే, రెండు గంటలు దాటకుండా, ఒకదానికొకటి తగలకుండా పళ్లెంలో పేర్చి ఫ్రీజరులో పెట్టాలి. గట్టిపడ్డాక డబ్బాలో వేయవచ్చును. గురువారం పొద్దున కావలసినవి మాత్రమే తీసి, అమ్మచేత నడిమి దాకా పొగలు వచ్చేలా ఆవిరి పట్టించండి.

ఉడికిన బంగాళాదుంపను మాత్రం ఇలా దాచకండి. 100 గిన్నెల నీరు గడ్డకడితే సుమారు 109 గిన్నెల చోటు కావాలి. ఆ మంచుపలుకులు దుంపను లోపలినుంచి చీల్చి స్పంజిలా చేస్తాయి. నమ్మకపోతే ఒక్క ముక్క పెట్టి చూడండి!

తుపానునాడు కరెంటు పోతే ఫ్రీజరు తలుపు మాటిమాటికీ తెరవకండి. ఇడ్లీలు కరిగి వెచ్చబడి ఉంటే పారవేయవలసిందే, వాసన బాగున్నా సరే.