వయొలిన్ వేషం... బేస్ గిటార్ గొంతు!

పాటలు బాగా వింటారు కదూ మిత్రులారా? మరి వాటిలో బేస్ గిటార్‌ని ఎప్పుడైనా విన్నారా?

ఈ ప్రశ్న వేస్తే మన కుర్రకారులో చాలామంది తెల్లమొహం వేస్తారు. పాడిందెవరో చెప్తారు. ఫ్లూట్ ఎక్కడొచ్చిందో చెప్తారు. పాటని అడుగు నుంచి మోసే ఆ నాలుగు తీగల సంగతి అడిగితే మాత్రం ‘అదేంటి?’ అంటారు. తప్పు మీది కాదు లెండి, సెల్‌ఫోన్ స్పీకరుది! బేస్ గిటార్‌లో అన్నిటికన్నా కింది తీగ సెకనుకి సుమారు 41 సార్లు కంపిస్తుంది. అంత కింది స్వరం ఆ గవ్వంత స్పీకరుకి ఎక్కడ పలుకుతుంది? మంచి ఇయర్‌ఫోన్లు పెట్టుకుని 1989లో వచ్చిన ‘గీతాంజలి’ పాటలు మళ్ళీ వినండి. గాయకుల్ని కాసేపు వదిలేసి, ఇళయరాజాగారు అడుగున నడిపించిన బేస్‌ని పట్టుకోండి. పాట కింద ఇంకో పాట వినిపిస్తుంది. ఆ రెండోది వినడం మరిగితే ఇక మానలేరు!

ఈ వారం కబుర్లు ఆ బేస్ గిటార్లలోకల్లా చిత్రమైన ఆకారం ఉన్నదాని గురించి. చూస్తే అచ్చం వయొలినే! కమాను పెట్టి వాయించాలి కాబోలు అనుకుంటారు. భుజాన తగిలించుకుని వేళ్ళతో మీటితే గాని దాని అసలు రంగు బయటపడదు.

వయొలిన్ వాళ్ళు చేసిన గిటార్

అమెరికాలో లియో ఫెండర్ 1951లో తన ప్రెసిషన్ బేస్‌ని బజారులో పెట్టాడు. గట్టి చెక్క, బరువైన ఒళ్ళు, తీగ పొడవు 34 అంగుళాలు. జర్మనీలో హాఫ్నర్ వాళ్ళ దారి వేరు. వాళ్ళది 1887లో వయొలిన్లతో మొదలైన కుటుంబ సంస్థ. ఆ ఇంటి వాల్టర్ హాఫ్నర్ 1950ల మధ్యలో ఆలోచించాడు... బేస్ గిటార్ అయితే మాత్రం మనకొచ్చిన పని ఎందుకు మానాలి? స్ప్రూస్ చెక్క పైన, మేపుల్ చెక్క వెనక, లోపలంతా బోలు. తీగ పొడవు 30 అంగుళాలే. బరువు రెండు కిలోలకి కాస్త ఎక్కువ, అంతే. 1956లో లోకానికి చూపించిన ఆ వాద్యం పేరు హాఫ్నర్ 500/1.

లోపల బోలు కాబట్టి స్వరం ‘ధుం’ అని గుండ్రంగా పుడుతుంది, వెంటనే అణిగిపోతుంది. ఫెండర్‌లా సాగదు. ఈ ‘సాగకపోవడం’ గుర్తుపెట్టుకోండి. అసలు కథంతా అక్కడే ఉంది.

ఎడం చేతి కుర్రాడు

1961లో బీటిల్స్ ఇంకా పేరు లేని కుర్రాళ్ళు. జర్మనీలోని హాంబర్గ్ క్లబ్బుల్లో రాత్రిళ్ళు వాయిస్తున్నారు. వాళ్ళ బేస్ వాద్యకారుడు స్టూ సట్‌క్లిఫ్ బొమ్మలు గీసుకోవడానికి బృందం వదిలేశాడు. ఆ బాధ్యత పాల్ మెకార్ట్నీ మీద పడింది. పాల్‌ది ఎడం చేతి వాటం. మామూలు గిటార్‌ని తిరగేసి పట్టుకుంటే ఆకారం వంకరగా కనిపిస్తుంది. వయొలిన్ ఆకారమైతే రెండు వైపులా ఒకటే! పైగా ధర సుమారు ముప్ఫై పౌండ్లే. ఫెండర్ కొనే తాహతు అప్పుడతనికి లేదు. అలా కొన్న గిటార్, 1962లో వచ్చిన తొలి రికార్డు ‘లవ్ మీ డూ’తోనే ప్రపంచం చెవిలో పడింది. ఇలాంటిదే ఇంకొకటి 1963లో అతని చేతికొచ్చింది. 1964లో ‘ఎ హార్డ్ డేస్ నైట్’ సినిమా వచ్చేసరికి, పాటలు వినని వాళ్ళు కూడా ఈ గిటార్‌ని చూసి గుర్తుపట్టే స్థితి!

అన్నట్టు, ఆ మొదటిదాని కథ సినిమాకేం తీసిపోదు. 1964లో దాన్ని మరమ్మతు చేయించారు. కొత్త రంగు వేయించారు, పికప్‌లకి కొత్త చెక్క చట్రం పెట్టించారు. 1972లో లండన్‌లో వ్యాన్లోంచి దొంగలెత్తుకుపోయారు. యాభై ఏళ్ళు అజ్ఞాతవాసం! అభిమానులు వెతగ్గా వెతగ్గా ఒక ఇంటి అటకమీద దొరికింది. తిరిగొచ్చిందన్న వార్త 2024 ఫిబ్రవరిలో లోకానికి తెలిసింది. మరమ్మతు చేయించి, అదే ఏడాది డిసెంబరులో లండన్ వేదికమీద ముసలి మెకార్ట్నీ మళ్ళీ దాన్ని భుజాన వేసుకున్నాడు.

ఇక నా దగ్గరున్నది...

నాది జర్మనీది కాదు సుమండీ! అదే ఆకారంలో ఆసియాలో తయారైన చవక రకం, సెకండ్ హ్యాండ్‌లో కొన్నది. పెళ్ళిళ్ళకీ, వినాయక చవితి పందిళ్ళకీ పాడే మా ఆర్కెస్ట్రాలో దాన్నే వాయిస్తాను. కొన్న కొత్తలో మా కీబోర్డు మాస్టారు ఒక్క మాట అన్నారు:

“తమ్ముడూ, నీ గిటారు మూలుగుతుందే గాని మోగదురా! నేను ఎడం చేత్తో కీబోర్డులో బేస్ వాయించేస్తే సరి. ఒక మనిషి ఖర్చు మిగుల్తుంది.”

నవ్వుతూనే అన్నారు. కానీ ఆ ‘ఒక మనిషి’ని నేనే కదా! చాలా ఆర్కెస్ట్రాల్లో బేస్ వాళ్ళ కుర్చీ ఖాళీ అయింది ఇలాగే.

గిటార్లు బాగుచేసే షాపుకి తీసుకెళ్తే అతను చాంతాడంత జాబితా చెప్పాడు. లోపల చెక్క దిమ్మ బిగించాలట, పికప్‌లు మార్చాలట, ఇనప బ్రిడ్జి వెయ్యాలట. అప్పుడు స్వరం సాగుతుందట! నిజమే, సాగుతుంది. కానీ అప్పుడది వయొలిన్ వేషం వేసుకున్న ఫెండర్ అవుతుంది. వద్దని చెప్పి ఇంటికొచ్చేశాను.

నేను చేసిన మార్పులు మూడే. మొదటిది తీగలు. గరుకు తీగలు తీసేసి, పైచుట్టు చదునుగా ఉండే నున్నటి తీగలు వేశాను. వేళ్ళు జారినప్పుడు వచ్చే కీచు పోయింది, స్వరం ఇంకా గుండ్రమైంది.

రెండోది బ్రిడ్జి. వీణమీద గుర్రంలాంటిదే ఇదీ. దీనికి మేకు లేదు, జిగురు లేదు, తీగల బిగువుతోనే నిలబడుతుంది. అందుకే తీగలన్నీ ఒక్కసారే విప్పకూడదు, ఒక్కొక్కటే మార్చాలి. 12వ మెట్టు పైన వేలు ఆనీ ఆనకుండా మీటితే వచ్చే స్వరమూ, అదే మెట్టు దగ్గర నొక్కి మీటితే వచ్చే స్వరమూ ఒకటిగా ఉండాలి. నొక్కినది హెచ్చుగా పలికితే బ్రిడ్జిని తోకవైపు రవ్వంత జరపాలి. నేను గంటసేపు కూర్చుని శ్రుతి కుదిర్చి, దాని పాదాల పక్కన పెన్సిల్‌తో గుర్తు పెట్టుకున్నాను.

మూడోది భుజం పట్టీ. ఒళ్ళు తేలికేమో, బిరడాలున్న తలవైపు కిందికి వాలిపోతుంది. లోపలివైపు గరుకుగా ఉండే తోలు పట్టీ వేస్తే చొక్కాని పట్టుకుని జారదు.

ఇంతే! దీనితో శ్రుతి బాగుపడింది, చేతికి సుఖం వచ్చింది. గొంతు మాత్రం దానిదే. ఈ గొంతుకి తగినట్టు వాయించడం వాయించేవాడి పని. స్వరం త్వరగా అణుగుతుంది కనక నాలుగు స్వరాలు ఎక్కువ వెయ్యొచ్చు. ఒక దెబ్బకీ ఇంకో దెబ్బకీ మధ్య ఖాళీ దొరుకుతుంది. తబలా, డోలక్ ఆ ఖాళీలో చక్కగా వినిపిస్తాయి. బోలు ఒళ్ళు కాబట్టి ఆంప్లిఫయర్‌కి ఎదురుగా నిలబడితే కూత పెడుతుంది. పక్కకి జరిగి నిలబడితే సరి!

మొన్న ఒక పెళ్ళి రిసెప్షన్‌లో ఎనభైల నాటి యుగళగీతాలు నాలుగు వరుసగా పడ్డాయి. నాలుగో పాటకి మా మాస్టారు ఎడం చెయ్యి కీబోర్డుమీంచి తీసేశారు. కార్యక్రమం అయ్యాక, “పాత పాటలకి నువ్వే వాయించు. కొత్తవాటికి నేను చూసుకుంటాలే” అన్నారు. సగం కుర్చీ అన్నమాట! ప్రస్తుతానికి అది చాలు.

మీలో ఎవరైనా ఇలాంటిది కొనాలనుకుంటే మెడ తిన్నగా ఉందో లేదో, ప్రతి మెట్టూ పలుకుతోందో లేదో షాపులోనే చూసుకోండి. ధగధగలాడే రంగు చూసి మోసపోకండి. కొన్నాక ఆరు నెలలు దేనికీ స్క్రూడ్రైవర్ పెట్టకండి. శ్రుతినీ, చేతినీ ఇబ్బంది పెట్టేది ఏదైనా ఉంటే తప్పకుండా మార్చండి. మీకు కొత్తగా ఉన్నది మాత్రం లోపమని తేల్చెయ్యకండి. ముందు దానికి మీ చెయ్యి అలవాటు కానివ్వండి.

కొనే ఉద్దేశం లేనివాళ్ళకీ పనుంది. ఈ రాత్రి మీకిష్టమైన పాట ఒకటి ఇయర్‌ఫోన్లలో పెట్టుకుని అడుగు స్వరం వెంట చివరిదాకా నడవండి. మధ్యలో తప్పిపోతే మళ్ళీ మొదలెట్టండి. దొరికిన పాట పేరు మాకు రాస్తారు కదూ?