స్కాన్ కోసం ఆగొద్దు

డిప్రెషన్ అంటే మనోబలం లేకపోవడమేనని కొట్టిపారేసేవారు ఒక పరిశోధన గమనించాలి. 2022లో లండన్ ఇంపీరియల్ కాలేజీ బృందం డిప్రెషన్ ఉన్న 17 మందినీ, ఆరోగ్యవంతులైన 20 మందినీ మెదడు పనితీరును చూపే పెట్ స్కాన్‌తో పోల్చింది. యాంఫెటమిన్ అనే ఉత్తేజక మందు ఇచ్చాక ఆరోగ్యవంతుల మెదడులో సెరటోనిన్ అనే రసాయనం విడుదలైంది. రోగుల్లో ఆ స్పందన తక్కువ. ఇంత చిన్న అధ్యయనం తుదితీర్పు కాదనే అభ్యంతరం సబబే. సెరటోనిన్ లోపమే కారణమనడానికి గట్టి ఆధారాల్లేవని అదే ఏడాది మరో సమీక్ష చెప్పింది కూడా. అయితే కారణం పూర్తిగా తేలలేదని చికిత్స ఆపనక్కర్లేదు.

ఈ స్కాన్‌లో వాడే కార్బన్-11 అనే రేడియోధార్మిక పదార్థం దాదాపు 20 నిమిషాలకే సగమైపోతుంది. అందుకే దాన్ని తయారుచేసే సైక్లోట్రాన్ యంత్రం దగ్గర్లోనే ఉండాలి. ఆదోని పత్తి రైతుకూ, ఎమ్మిగనూరు నేత కార్మికుడికీ ఆ స్కాన్ అందేది కాదు, అవసరమూ లేదు. రెండు వారాలుగా నిద్ర, ఆకలి, ఆసక్తి ఎలా ఉన్నాయో అడిగే డాక్టర్ జబ్బును గుర్తిస్తారు. కావలసింది ఊరికి దగ్గరలో ఆ డాక్టరు, ఆగకుండా మందులు. ప్రభుత్వం ముందు ఆ ఖర్చు పెట్టాలి. ఈలోగా బాధపడేవారు మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ 14416కు ఫోన్ చేయండి; అది ఉచితం.