చిత్రిక: మాటలోనూ, చేతిలోనూ



"కథ బాగుంది గానీ ఇంకొంచెం చిత్రిక పట్టవలసింది" అని మనం ఒకరి రచన గురించి మరొకరం తరచుగా అంటూ ఉంటాం. పద్యానికి చిత్రిక, అనువాదానికి చిత్రిక, చివరకు ఉపన్యాసానికీ చిత్రికే. ఇంతగా వాడుతున్న ఈ మాట పుట్టిన పనిముట్టును చేతితో పట్టినవారు మనలో ఎందరున్నారు? చూసినవారైనా ఎందరు? వస్తువు పోయి ఉపమానం మాత్రమే మిగిలితే అది ఎండిన చెరువుకు కట్టిన గట్టు వంటిది. గట్టు చూసి చెరువు లోతును ఊహించుకోవలసిందే.

నేను చెప్పదలచుకున్నది మొదటే చెబుతాను. పాత చిత్రికలను తూకానికి అమ్మవద్దు. అద్దాల బీరువాలో అలంకారంగానూ పెట్టవద్దు. బాగుచేసి పనిలో పెట్టండి. ఆ పని తెలియనివారికి తెలిసినవారి చేత నేర్పించండి. నేర్పినవారికి తగిన ప్రతిఫలం ముట్టచెప్పండి. ఇవన్నీ విడివిడి మాటలు కావు, ఒకే గొలుసులోని లంకెలు.

నేను వృత్తిరీత్యా తెలుగు పండితుణ్ణి, వడ్రంగిని కాను. ఉద్యోగ విరమణ తరువాత మా వీధిలోని ఒక వృద్ధ వడ్రంగి వద్ద శిష్యరికం చేశాను. ఆయనను ఆచారిగారనే పిలుస్తాను. వయసులో ఆయన నాకంటె పెద్ద. అయినా నన్ను "మాష్టారూ" అని మన్నిస్తూనే నా చేతిలోని చెక్కను నిర్దాక్షిణ్యంగా వెనక్కి ఇచ్చేవారు. ఇప్పుడు ఆదివారం ఉదయాల్లో మా ఇంటి వసారాలో ఆయన నలుగురైదుగురు కొత్తవారికి పాఠం చెబుతున్నారు. నేను వారికి సహాధ్యాయిని, కొంతవరకు వ్యాఖ్యాతను.

ముందుగా ఒక న్యాయమైన మాట. చేతి చిత్రిక మూలన పడినందుకు వడ్రంగులను నిందించడం తగదు. ప్లైవుడ్డు పలకలు నునుపుగానే వస్తున్నాయి. పైన అతికే రేకుకు చిత్రికతో పని లేదు. టేకు తలుపు చేసేచోటనైనా కరెంటు చిత్రిక పూట పనిని నిమిషాలలో ముగిస్తుంది. చేతి పని సౌందర్యాన్ని గురించి నేనొకనాడు దీర్ఘంగా ప్రసంగిస్తే ఆచారిగారు విని, "మాష్టారూ, మీకది సరదా, నాకు నడుమునొప్పి" అన్నారు. ఈ వాక్యాన్ని మరచి చేతిపనులను కీర్తించేవారి మాట నేను నమ్మను.

అయితే యంత్రం వచ్చినంత మాత్రాన చేతి పనిముట్టు చేసే పని అంతా తీరిపోలేదు. తలుపు అంచు వానాకాలంలో బిగిసినప్పుడు ఒక్క వెంట్రుకవాసి తీయడానికి, కీలు నుండి ఊడదీయకుండా సరిచేయడానికి, యంత్రం వదలిన అలల గీతలను పోగొట్టడానికి చేతి చిత్రిక కావాలి. కర్రకూ చేతికీ మధ్య సంభాషణ జరిగేది దానితోనే. నేర్చుకునేవాడికి ఆ సంభాషణే పాఠం.

ఇంతకూ మూలన పడిన చిత్రికలు ఏమవుతున్నాయి? ఇనుపవి పాత సామాను కొట్టుకు కిలోల లెక్కన పోతున్నాయి. కర్రవి పొయ్యిలోకో చెదలకో పోతున్నాయి. విజయదశమి నాడు పసుపుకుంకుమలు పెట్టి మొక్కిన ఆయుధమే మరుసటి నెల తూకంలో పడుతోంది. ఇది ఒక దుర్గతి. రెండవ దుర్గతి నాగరికమైనది. పట్నంలో కొందరు వాటిని కొని, మెరుగు పెట్టి, మీద వార్నిషు పూసి, ముందుగదిలో అలంకారంగా నిలుపుతున్నారు. పదును లేని చిత్రిక ముద్రించి ఎవరూ చదవని కావ్యం వంటిది.

బాగుచేయడమంటే నా దృష్టిలో గ్రంథ పరిష్కరణే. మానవల్లి రామకృష్ణకవిగారు, వేటూరి ప్రభాకరశాస్త్రిగారు తాళపత్రాలను పరిష్కరించినప్పుడు లేఖకుని పొరపాటును తొలగించారే గాని కవి మాటను చెరపలేదు. అదే నియమం ఇక్కడా చెల్లుతుంది. తుప్పు లేఖక దోషం, దాన్ని తీసివేయాలి. యజమాని చెక్కుకున్న పొడి అక్షరాలూ, బొటనవేలు ఏళ్ళ తరబడి ఆని ఏర్పడిన పల్లమూ మూలపాఠం. వాటిని ఉప్పుకాగితంతో రుద్ది చెరపడం పాఠాన్ని చెడగొట్టడమే.

ఇనుప చిత్రిక దొరికితే చేయవలసినది ఇది. ముందు మరలన్నీ విప్పండి. బిగిసిపోయిన మరకు కిరసనాయిలు పోసి ఒక రోజు ఓపిక పట్టండి, బలం ప్రయోగించవద్దు. పోత ఇనుము పెళుసుది, దెబ్బకు విరుగుతుంది. తుప్పు పట్టిన బ్లేడును వినెగరులో ఒక రాత్రి నానబెట్టి, తోమి, వంటసోడా కలిపిన నీటితో కడిగి, వెంటనే ఆరబెట్టి నూనె రాయాలి. అంతకుమించి నానితే ఉక్కునే తినివేస్తుంది. తరువాత అడుగు భాగం. మందమైన అద్దం మీద ఉప్పుకాగితం పరిచి, అడుగున పెన్సిలుతో అడ్డగీతలు గీసి రుద్దితే, గీతలు చెరగని చోటే పల్లమని తెలుస్తుంది. ఆ సమయంలో బ్లేడు లోపలికి లాగి ఉండాలి గాని బిగించే ఉండాలి. బిగింపు వల్ల కలిగే ఒత్తిడితో అడుగు ఆకారంలో స్వల్ప భేదం వస్తుంది. అడుగంతా అద్దంలా మెరవనక్కరలేదు. ముందుకొస, బ్లేడు బయటికి వచ్చే నోటి ముందుభాగం, వెనుకకొస ఒకే మట్టంలో ఉంటే చాలు.

కర్ర చిత్రికకు నీరు తగలనివ్వకండి. నోరు అరిగి వెడల్పయితే అక్కడ గట్టి కర్రముక్క ఒకటి పొదిగి మళ్ళీ సన్నం చేయవచ్చు. బ్లేడును ముందుకు దించాలంటే దాని తలమీద సుత్తితో మెల్లగా తట్టాలి. వెనక్కి రావాలంటే చిత్రిక వెనుకభాగం మీద తట్టాలి. ఇందులో మరలు లేవు, చెవి, చేయి మాత్రమే ఉన్నాయి. బిగిసినప్పుడు తట్టిన శబ్దం మారుతుంది, ఆచారిగారు కన్ను మూసి దాన్ని గుర్తిస్తారు.

ఈ పనిముట్టు వయసు తలచుకుంటే ఆశ్చర్యం కలుగుతుంది. క్రీ.శ. 79లో అగ్నిపర్వతం కింద పూడిపోయిన పాంపేయి నగరపు తవ్వకాలలో ఇనుప అడుగున్న చిత్రికలు దొరికాయి. మనం నేడు చూసే ఇనుప చిత్రిక రూపం అమెరికాలో లెనార్డ్ బెయిలీ అనే ఆయన కల్పన. 1869లో స్టాన్లీ కంపెనీ ఆయన పేటెంట్లను కొన్నది. బ్లేడును సూక్ష్మంగా ఎత్తిదించే చిన్న చక్రం, సన్నని బ్లేడు మీద కూర్చునే రెండవ ఇనుపపలక, ఈ ఏర్పాటు నూటయాభై ఏళ్ళు దాటినా ప్రధానంగా మారలేదు. కనుక తాతగారి చిత్రిక పాతబడిన వస్తువు కాదు, మాసిన వస్తువు మాత్రమే.

ఇక కొత్తవారి మాట. వారికి మొదట ఏమి నేర్పాలి? చాలామంది పీట చేయించడంతో మొదలుపెడతారు. నా అభిప్రాయం వేరు. సానరాయి మీద ఓనమాలు దిద్దించాలి. పదును తెలియని చేతికి చిత్రిక ఇస్తే అది కర్రతో కుస్తీ పట్టి, ఈ పని తనవల్ల కాదని వెళ్ళిపోతుంది. తప్పు చేతిది కాదు, మొద్దు బ్లేడుది. బ్లేడు వీపు అంచువద్ద చదునుగా ఉండాలి. ఏటవాలు సుమారు 25 డిగ్రీలు, కొసన మరో సన్నని వాలు 30 డిగ్రీలు. ఒక పక్క రుద్దుతూ ఉంటే రెండవ పక్క వేలికి సన్నని గరుకు తగులుతుంది. అది అంచు పొడవునా వచ్చిందంటే రాయి కొస వరకు చేరిందన్నమాట. ఆ గరుకును తోలు మీద పోగొట్టాలి. యంత్రపు సానచక్రం మీద తొందరపడితే ఉక్కు నీలిరంగుకు తిరిగి పాయనం పోతుంది. పాయనం పోయిన ఉక్కుకు పదును నిలవదు.

రెండవ పాఠం కర్రను చదవడం. నార ఎటు లేస్తోందో చూసి, ఆ వాలు వెంట పోవాలి. ఎదురు పోతే కర్ర చిట్లుతుంది. పిల్లి వీపు నిమిరినట్టు అని పిల్లలకు చెబుతాను, వెంటనే అర్థమవుతుంది. రెండవ ఇనుపపలక బ్లేడుకు సందు లేకుండా అతుక్కోవాలి, లేకుంటే పొట్టు అందులో ఇరుక్కుంటుంది. అడుగున కొవ్వొత్తి ముక్కతో రెండు గీతలు గీస్తే చిత్రిక తేలికగా జారుతుంది. అప్పుడు ఉల్లిపొర వంటి పొర చుట్టలు చుట్టుకుంటూ పైకి వస్తుంది. ఆ క్షణంలో నేర్చుకునేవారి ముఖం చూడాలి. నేను మూడు దశాబ్దాలకు పైగా తరగతి గదిలో పాఠాలు చెప్పాను. ఛందస్సులో యతి కుదిరినప్పుడు కొందరు పిల్లల ముఖాల్లో ఆ వెలుగు చూశాను. ఇక్కడ అందరి ముఖాల్లోనూ చూస్తున్నాను. పైగా మార్కులు వేయనక్కరలేదు. మూలమట్టం ఆనించి వెలుగుకు ఎదురుగా పడితే సందు ఉన్నదో లేదో చెక్కే చెబుతుంది. అది ఎవరి ముఖమూ చూసి మాట్లాడదు.

ఇక్కడ ఒక గట్టి ఆక్షేపణ ఉంది, దానిని దాటవేయలేను. "ఇది మా పొట్టకూటి విద్య. పింఛనుదార్లు సరదాకు నేర్చుకుని ఊరంతా పంచిపెడితే మా గతి ఏమిటి?" అని ఆచారిగారి దగ్గరి బంధువొకరు నన్ను ముఖాముఖిగా అడిగారు. ప్రశ్న సబబైనది. తరతరాలుగా గుట్టుగా ఉంచిన విద్యను దాచుకున్నందుకు మనం వారిని తప్పుపడతాం. వైద్యుడు, వకీలు మాత్రం తమ విద్యకు రుసుము తీసుకుంటే గౌరవిస్తాం. ఈ రెండు కొలతలు ఎందుకు?

అందుచేత నా నియమం ఇది: నేర్చుకునేవారు ఆచారిగారికి రుసుము చెల్లిస్తారు, నాకు కాదు. చెల్లించలేని పిల్లల రుసుము నా పింఛను నుండి పోతుంది. ఆదివారం నేర్చుకున్నవాడు వడ్రంగికి పోటీ కాలేడు. దానికి ఏళ్ళ సాధన కావాలి. కాని ఒక అంచును తిన్నగా తీయడానికి ఎంత శ్రమ పడాలో తెలిసినవాడు కూలి దగ్గర గీచి బేరమాడడు. మంచి పనికి మంచి గిరాకీ కావాలంటే మంచి చూపున్న కొనుగోలుదారు కావాలి. నేర్పడం వల్ల పుట్టేది ఆ చూపు.

మరొక చిక్కు కులానిది. పుట్టుకతో విద్య వచ్చే ఏర్పాటు కొందరిని ఇష్టం లేకున్నా ఆ వృత్తిలో కట్టివేసింది, ఇష్టమున్న మిగిలినవారిని గడప దాటనివ్వలేదు. ఆచారిగారి మనుమడికి ఈ పని మీద మనసు లేదు. అది అతని హక్కు, ఎవరూ సంప్రదాయం పేరుతో అతణ్ణి నిర్బంధించరాదు. కాని ఆయన వద్ద శ్రద్ధగా నేర్చుకుంటున్నవారిలో ఒక గృహిణి ఉన్నారు, ఒక ఇంజనీరింగు విద్యార్థి ఉన్నాడు. వెళ్ళదలచినవారికీ రాదలచినవారికీ తలుపు ఒకేలా తెరుచుకోవాలి.

ఇది కేవలం వసారాల్లో జరగవలసిన పని కాదు. 1937లో వార్ధా సదస్సులో గాంధీజీ చేతిపనిని విద్యకు కేంద్రంగా ప్రతిపాదించారు. 1977లో ఈశ్వర్‌భాయ్ పటేల్ సంఘం సమాజోపయోగ ఉత్పాదక కృత్యాన్ని పాఠ్యప్రణాళికలో చేర్చమన్నది. నేను చూసినంతలో ఆ పిరియడు లెక్కల పాఠానికో, మైదానం ఊడ్వడానికో పోయింది. 2020 జాతీయ విద్యావిధానం ఆరు నుండి ఎనిమిది తరగతుల పిల్లలకు పది రోజులు సంచి లేని బడి ఉండాలనీ, ఆ రోజులలో వడ్రంగి, కుమ్మరి వంటి స్థానిక నిపుణుల వద్ద పని తెలుసుకోవాలనీ చెప్పింది. 2023 సెప్టెంబరు 17న మొదలైన ప్రధానమంత్రి విశ్వకర్మ పథకం 18 వృత్తులవారికి శిక్షణనూ, పనిముట్లకు 15,000 రూపాయల వరకు సాయాన్నీ ఏర్పరచింది. అది వృత్తిలో ఉన్నవారి కోసం, మంచిదే. వృత్తి బయటి పిల్లవాడికి బడే దారి. ఆ పది రోజులకైనా ఊరి వడ్రంగిని గౌరవ వేతనంతో బడికి పిలిచి, కుర్చీ వేసి, "గురువుగారూ" అని సంబోధించే ప్రధానోపాధ్యాయులు కావాలి.

చివరగా మన రంగానికి చెందిన పని ఒకటి ఉంది. 1962లో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వంలో వ్యవసాయ పదాల మాండలిక వృత్తిపదకోశాన్ని ప్రచురించింది. రైతును అడిగి రాసుకున్న మాటలవి. వడ్రంగిని అడిగి రాసుకోవలసినవీ ఎన్నో ఉన్నాయి. ఒకచోట చిత్రిక అన్నదాన్ని తెలంగాణలో రందా అనడం విన్నాను. దాని ప్రతి భాగానికీ, ప్రతి దెబ్బకూ, కర్ర చూపే ప్రతి మొండితనానికీ ఒక్కొక్క ఊళ్ళో ఒక్కొక్క మాట. పనిముట్టు చేతిలో ఉన్నప్పుడే ఆ మాటలు నోటికి వస్తాయి. బల్ల ముందు కూర్చోబెట్టి అడిగితే ఆచారిగారికి పది గుర్తుకు వచ్చాయి. పని చేస్తూ ఉండగా పక్కన కూర్చుని నేను రాసుకున్నవి అంతకు అయిదింతలు.

కాబట్టి నా మనవి. మీ ఇంటి అటక మీద, మీ ఊరి పాత వడ్రంగి ఇంట ఒక చిత్రిక పడి ఉండవచ్చు. దానికి తూకం కట్టే ముందు ఒక ఆదివారం ఇవ్వండి. దాన్ని వాడిన మనిషి ఉంటే ఆయన చేతనే పదును పెట్టించి, రుసుము ఇచ్చి, ఆయన అనే మాటలన్నీ రాసుకోండి. మన రాతలకు చిత్రిక పట్టే పని ఆ తరువాత నింపాదిగా చూసుకోవచ్చు.