వీరప్పన్ వేటలో తెరకెక్కని సగం

రామ్ గోపాల్ వర్మ కన్నడంలో తీసిన ‘కిల్లింగ్ వీరప్పన్’ 2016 జనవరిలో విడుదలైంది. తెలుగులోనూ వచ్చింది. వీరప్పన్ కోసం వల పన్నే పోలీసు అధికారిగా శివరాజ్ కుమార్ నటించారు. ఆ ఎంపికలోని మర్మం కన్నడిగులకు ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. 2000 జులై 30 రాత్రి గాజనూరు ఇంటి నుంచి వీరప్పన్ ఎత్తుకుపోయింది ఆయన తండ్రి, కన్నడ అగ్రనటుడు రాజ్ కుమార్‌నే. తండ్రిని చెరపట్టినవాడి మీదికి కొడుకు బయల్దేరాక, ప్రేక్షకుడు ఏ పక్షమో వేరే చెప్పాలా?

ఆ 108 రోజుల చెర ఒక్క కుటుంబం గొడవ కాదు. అప్పటికి వీరప్పన్ ఒట్టి గంధపు చెక్కల, ఏనుగు దంతాల దొంగగా మిగల్లేదు. కావేరి నీళ్లు, బెంగళూరులో తిరువళ్లువర్ విగ్రహావిష్కరణ, టాడా (ఉగ్రవాద నిరోధక చట్టం) ఖైదీల విడుదల అంటూ ప్రభుత్వాల ముందు చిట్టా పెట్టాడు. ఖైదీలను వదిలేయడానికి కర్ణాటక, తమిళనాడు రెండూ సిద్ధపడ్డాయి. అడ్డం తిరిగింది ఒక రిటైర్డ్ పోలీసు అధికారి. 1992లో వీరప్పన్ ముఠా చేతిలో హతమైన ఎస్సై షకీల్ అహ్మద్ ఆయన కొడుకు. ఆయన సుప్రీంకోర్టుకెక్కారు, విడుదల ఆగిపోయింది. నన్నడిగితే అసలు సినిమా ఇక్కడుంది.

వర్మ మాత్రం చివరి వేటను పట్టుకున్నారు. ఇన్‌ఫార్మర్లు, మారువేషాలు, వీరప్పన్ భార్యతో స్నేహం కలిపే మహిళ... పోలీసులను కడిగిన ముత్యాలుగా చూపాలన్న తాపత్రయం లేకపోవడం ఇందులో మెచ్చదగ్గది. వాస్తవానికి వీరప్పన్‌ను అంతం చేసిన ఆపరేషన్ కకూన్ కూడా తూటాల కన్నా ఓపిక మీదే నడిచింది. 2004 అక్టోబరు 18 రాత్రి కంటి వైద్యం కోసమని అడవి దాటిన వీరప్పన్ ఎక్కిన అంబులెన్స్ పోలీసులదే. ధర్మపురి జిల్లా పాపారపట్టి దగ్గర విజయ్ కుమార్ నాయకత్వంలోని తమిళనాడు టాస్క్‌ఫోర్స్ కాపు కాసింది. 2013లో ఏఎంఆర్ రమేశ్ తీసిన ‘అట్టహాస’లో ఆ విజయ్ కుమార్ పాత్రను అర్జున్, వీరప్పన్ పాత్రను కిశోర్ పోషించారు.

అయితే ఈ వేట ఇద్దరి మధ్య పందెం కాదు. అటు వీరప్పన్, ఇటు టాస్క్‌ఫోర్స్ నడుమ నలిగినవి అడవి అంచు ఊళ్లు. తిండి పెడితే పోలీసులు, సమాచారమిస్తే వీరప్పన్! టాస్క్‌ఫోర్స్ చిత్రహింసల ఆరోపణలపై జాతీయ మానవ హక్కుల కమిషన్ జస్టిస్ సదాశివ కమిటీని వేసింది. 2007లో 89 మందికి రూ.2.80 కోట్ల పరిహారం చెల్లించమంది.

ఆ ఊళ్ల మనసు గెలవాలని చూసినవారు ఒకరున్నారు. రాజమండ్రిలో పుట్టిన అటవీ అధికారి పి.శ్రీనివాస్. వీరప్పన్ సొంతూరు గోపీనాథంలోనే మకాం పెట్టి, జనానికి వైద్యం అందేలా చూశారు, మారెమ్మ గుడి కట్టించారు. లొంగిపోతానన్న మాట నమ్మి వెళ్లినందుకు 1991 నవంబరు 10న వీరప్పన్ ఆయన తల నరికాడు. మరణానంతరం కీర్తిచక్ర వచ్చింది. వీరప్పన్ కథల్లో మాత్రం ఆయన ఎప్పుడూ ఒక ఘట్టమే. మందుబిళ్లలు పంచే ఆఫీసరుతో పోరాట సన్నివేశం పండదని నిర్మాతల లెక్క కాబోలు.