కారు అప్పు మార్చేముందు కాగితం తెలుగులో అడగండి

హొసూరులోనో, కోలారులోనో, బరంపురంలోనో కారు కొన్న తెలుగింటి యజమాని అప్పు పత్రాలపై పదిచోట్ల సంతకం చేస్తాడు. ఒప్పందం ఆంగ్లంలో ఉంటుంది. గుమాస్తా తమిళంలోనో, కన్నడంలోనో, ఒడియాలోనో "వడ్డీ పది శాతమే" అని ముగిస్తాడు. రెండేళ్లకు మరొక సంస్థవారు వచ్చి, ఆ అప్పును మాకు మార్చుకోండి, కంతు తగ్గుతుందంటారు. మళ్లీ సంతకాలు. బడిలో తెలుగు కోసం, బోర్డులపై తెలుగు కోసం ఇన్నేళ్లుగా అడుగుతున్న మనం ఈ సంతకాల ఊసెత్తకపోవడం సరికాదు.

ఆ పది శాతమే చూద్దాం. 5 లక్షల అప్పు, 5 ఏళ్ల గడువు, 10 శాతం ఫ్లాట్ వడ్డీ అనుకుందాం. ఫ్లాట్ అంటే, తీర్చిన అసలును తీసివేయకుండా మొదటి 5 లక్షల మీదే చివరిదాకా వడ్డీ లెక్కించడం. వడ్డీ 2.5 లక్షలు, నెల కంతు 12,500 రూపాయలు. తగ్గుతూ పోయే బాకీమీద లెక్కగడితే ఈ వడ్డీ 17 శాతం దాటుతుంది. 24 కంతులు కట్టాక మిగిలే అసలు సుమారు 3 లక్షల 49 వేలు. దానిని తగ్గే బాకీమీద 10 శాతానికి మార్చుకొని, మిగిలిన 36 నెలల్లోనే తీరిస్తే కంతు సుమారు 11,270. మొత్తంమీద 44 వేలు ఆదా. ముందుగా తీర్చినందుకు పాత సంస్థ 4 శాతం రుసుము వేస్తే పన్నుతో కలిపి 16,500 పోతుంది. అయినా లాభమే. అదే బాకీని మళ్లీ 5 ఏళ్లకు సాగదీస్తే కంతు 7,420కి దిగుతుంది, ఇంటిల్లిపాదీ సంతోషిస్తారు. కాని కట్టే మొత్తం 4 లక్షల 45 వేలు. పాత అప్పునే కొనసాగిస్తే 4 లక్షల 50 వేలు. 5 వేల కోసం 16,500 వదులుకున్నట్లు! కంతు కట్టలేని ఇబ్బందిలో ఉన్నవారికి అదీ ఒక దారే. లాభమనుకొని చేయడం వేరు.

ఈ తేడా తెలిపే కాగితానికి 'కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్' అని పేరు. 2024 అక్టోబరు 1 తరువాత మంజూరైన కారు అప్పులకు బ్యాంకులు, ఫైనాన్సు సంస్థలు దీనిని ఇచ్చితీరాలని రిజర్వు బ్యాంకు ఆదేశం. రుసుములన్నీ కలిపిన అసలైన వార్షిక వడ్డీ రేటు, కంతుల పట్టిక అందులో ఉండాలి. అందులో లేని రుసుమును మన సమ్మతి లేకుండా వేయరాదు. ఇంటికి తెచ్చుకొని ఆలోచించుకోవడానికి కనీసం మూడు పనిదినాలు అవే షరతులు నిలవాలి. అన్నిటికన్నా ముఖ్యం, ఆ పత్రం అప్పు తీసుకొనేవారికి అర్థమయ్యే భాషలో ఉండాలి. పాత అప్పుకు అది రాకపోయినా, మార్పిడితో వచ్చేది కొత్త అప్పే కనుక అడిగే హక్కు మనకుంది.

రాజ్యాంగం 350వ అధికరణం ప్రభుత్వాధికారులకు మన భాషలో విన్నవించుకొనే హక్కునిచ్చింది. ప్రైవేటు సంస్థ దాని పరిధిలోనిది కాదని ఊరుకొన్నాం. ఇప్పుడా సాకు చెల్లదు. అయితే ఇక్కడొక కిటుకుంది. "నాకు తెలిసిన భాషలో వివరించారు" అనే వాక్యం కింద ముందే సంతకం పెట్టించుకుంటారు. వివరించనిదే ఆ సంతకం పెట్టవద్దు. తెలుగు పత్రం కావాలని రాతపూర్వకంగా అడిగి, నకలు దాచుకోండి.

తమిళనాడులో 2006 చట్టం తరువాత చదువుకున్న మన పిల్లల్లో తెలుగు చదవలేనివారున్నారు. అబ్బాయి తమిళ ప్రతి చదువుతానంటే అభ్యంతరం అక్కరలేదు. జామీను సంతకం చేసే తల్లికి తెలుగు ప్రతి కావాలి.

ముందస్తు రుసుము విషయంలోనూ కొంత మేలు జరిగింది. సొంత అవసరానికి తీసుకొని, 2026 జనవరి 1న గాని ఆ తరువాత గాని మంజూరైన మారే వడ్డీ అప్పులకు ఆ రుసుము ఉండదు. స్థిరవడ్డీ అయితే ఎంతో పత్రంలోనే చూపాలి. మార్చుకున్నాక పాతవారి నిరభ్యంతర పత్రంతో, ఫారం 35తో ఆర్.సి.లో వారి పేరు తీయించాలి. పత్రం ఇవ్వకుంటే ముందు ఆ సంస్థకే ఫిర్యాదు చేయాలి. 30 రోజుల్లో బదులు రాకుంటే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు. 14448 నంబరుకు ఫోన్ చేసి తెలుగులోనే అడగవచ్చు.